జెండాకు వేసిన ముడి

నవంబరు ఒకటి, పుదుచ్చేరికి ఫ్రెంచివాళ్ల నుంచి విడుదల దొరికిన రోజు. ఆ రోజు నెల్లితోపులో మా వీధి జెండాను మా తాతే ఎగరేయాలి. పూలు పెట్టి మడిచి, ముడి కూడా ఆయనే వేయాలి. ఇంకెవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు.

తర్వాత మైకులో ఏటా అదే కథ. కుర్రతనంలో, మురుంగపాక్కంలో ఫ్రెంచి పోలీసులు చూస్తుండగానే జెండా ఎగరేశాడట. "ఒక్క లాగుడే! పూలు జలజలా రాలినాయి!"

ఆ ఒక్క లాగుడు మేమెవరమూ చూడలేదు. తాత ముడి ఏనాడూ ఊడి చావదు. ఏటా నేను నిచ్చెన ఎక్కాల్సిందే. "ఫ్రెంచోడు పోయినాడు గానీ ఈయన ముడి పోలా" అంటుంది అవ్వ.

పోయిన ఏడు తాతకు చేతులు వణకడం మొదలైంది. ఈసారి ముడి ఊడి రాకపోతే ఇక వేరే పెద్దమనిషిని పిలుచుకుంటామని వీధివాళ్లు మర్యాదగానే చెప్పిపోయారు. తాత ఆ పూట అన్నం ముట్టలేదు.

"లుంగీ ముడి నిలవదు, జెండా ముడి ఊడదు. ఏం మనిషివో! లేచి తిను" అంది అవ్వ.

నవంబరు ఒకటి పొద్దున తాత ముడి వేసి స్నానానికి పోయాడు. అవ్వ జెండా దగ్గర కూర్చుని ఉంది. ఏంది అవ్వా అంటే, పూలు చాలలేదులే అంది.

తాత తాడు లాగాడు. ఒక్క లాగుడే! పూలన్నీ ఆయన బట్టతల మీద రాలాయి. నేను నిచ్చెన పట్టుకుని వెర్రిమొహం వేశాను. చప్పట్లు మోగుతున్నా తాత నవ్వలేదు. నేరుగా వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు.

"ముడి నువ్వేసినావా?"

"నేను గాక ఎవురు? నీది విప్పి, పూలు కట్టే జారుముడి వేసినా."

"నన్ను అడక్కుండానా?"

"మురుంగపాక్కం పోయిన పొద్దు మాత్రం అడిగినానా ఏంది? కొత్త పెండ్లికూతుర్ని. నువ్వు చొక్కా తొడుక్కొనే లోపల మార్చేసినా. ఇప్పుడైతే ముడి రాకుంటే నవ్వుతారు. అప్పుడు రాకుంటే పోలీసులు నిన్ను పట్టుకపోయుందురు."

తాత లేచి, ఎవరో మాట్లాడుతుంటే వాళ్ల చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఒక్క లాగుడే అని చెప్తా ఉంటా గదా. ఆ ముడి నాది కాదు. మా ఇంటామెది."

"సుమ్మా ఉండు, ఊరుకో, సిగ్గులేని ముసలోడా" అంటూ అవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతుల్లో ఆ పాడు నిచ్చెన.