నీళ్ళు పోసుకోకుండా ఆస్పత్రికి

కోవిల్‌పట్టిలో మా వీధి నుంచి బాణసంచా కంపెనీకి వెళ్ళే మగవాళ్ళెవరూ పని నుంచి వచ్చి నేరుగా ఇంట్లోకి రారు. పెరటి గుమ్మం దగ్గర కొబ్బరినూనె గిన్నె, శీకాయ పొడి, వేడినీళ్ళు సిద్ధంగా ఉండాలి. మందు కలిపే గదిలో ఒంటికి అంటుకున్న వెండిరంగు పొడి వట్టి నీళ్ళకు వదలదు. ముందు నూనె రాసి, తర్వాత తోమాలి. ఆ స్నానం కాకుండా బిడ్డను ఎత్తుకోరు, మంచినీళ్ళ బిందె ముట్టరు. మా ఆయనకైతే ఆ పట్టింపు మరీ ఎక్కువ. పొడితో బజారులో కనిపించడమంటే ఆయనకు గోచీతో కనిపించినట్టే.

ఆ పట్టింపే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కంపెనీ వ్యాను ఆయన్ను ముందుగానే ఇంటి దగ్గర దించిపోయింది. ముఖం పాలిపోయి ఉంది, చొక్కా చెమటకు తడిసింది.

"నెంజు మీద ఎవరో కూకున్నట్లుండాది," అన్నాడు ఛాతీ పట్టుకుని.

"ఆస్పత్రికి పోదాము రా మామా."

"ఇట్లనేనా? నీళ్ళు పోసుకోకుండా ఎట్ల వచ్చేది?"

మా అత్త నీళ్ళు కాచింది. నేను వీపుకు నూనె రాశాను. నిలబడే శక్తి లేని మనిషి గోళ్ళ సందుల్లో పొడి కూడా తీయించుకున్నాడు. తెల్ల పంచె కట్టి, విభూతి పెట్టుకుని పెళ్ళికి వెళ్ళేవాడిలా ఆస్పత్రికి బయల్దేరాడు.

డాక్టరు గుండెపోటు అన్నాడు. సిగరెట్టుందా, తాగుడుందా, షుగరుందా అని అడిగాడు. ఏదీ లేదు. ఏం పని అని అడిగితే కూలి అన్నాడు మా ఆయన. కంపెనీ పేరు బయటికొస్తే పని పోతుందని భయం. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాడు. నలభై నిండని మనిషికి ఇదెందుకొచ్చిందో డాక్టరుకు అంతుబట్టలేదు. తిండిలో నూనె తగ్గించమని, పొద్దున్నే నడవమని చెప్పి పంపాడు. నడవాలట! నాకు ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ ఆ మందు కలిపే గదికే పనికి వెళ్ళాడు. ఒక కన్నేసి ఉంచుదామని నేనూ అదే కంపెనీలో కాగితం చుట్టే షెడ్డులో చేరాను. పొద్దున వంట, పగలంతా కాగితం, సాయంత్రం ఆయనకు నీళ్ళు. రోజూ ఆ ఛాతీ తోముతూ, లోపలికి పోయిన పొడిని ఏ శీకాయతో తోమాలా అనుకునేదాన్ని. ఎంత అలిసిపోయేదాన్నంటే, భయపడటానికి కూడా ఓపిక ఉండేది కాదు.

పోయిన వేసవిలో, సాత్తూరు దగ్గరున్న ఆ కంపెనీలోనే కూలిపోయాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. జుట్టు నుంచి పాదాల దాకా వెండిరంగే. స్పృహ ఉంది. నన్ను చూసి మొదట అడిగింది నూనె. తోటి ఆడవాళ్ళు అప్పటికే తొట్టిలో నీళ్ళు ముంచుతున్నారు.

"బక్కెట్టు కింద పెట్టండక్కా," అని అరిచాను. "ఇట్లనే ఆస్పత్రికి కూటికొని పోతాను."

"ఏ పిల్లా, మానం తియ్యొద్దే," అన్నాడు.

"మానం నేను మోస్తాలే. నువ్వు ఊపిరి తీసుకో."

విరుదునగరం పెద్దాస్పత్రిలో పడుకోబెట్టగానే తెల్ల దుప్పటి బూడిదరంగుకు తిరిగింది. నర్సు కసిరింది. ఈసీజీ బిళ్ళలు ఛాతీకి అంటుకోకపోతే, దూదితో తుడిచి మళ్ళీ పెట్టారు. చిన్న వయసు డాక్టరమ్మ ఆయన చేతిని రుద్ది, తన వేలు చూసుకుంది. ఇదేమిటి, ఎన్నేళ్ళుగా ఈ పొడిలో ఉన్నావు అని అడిగింది. అంతవరకూ ఎవరూ అడగని మాట అది. నాకు ఏడుపు ఆగలేదు. ఈ జబ్బుకు పొడే కారణమని తేల్చి చెప్పలేను కానీ, ఇలాంటి బాణసంచా మందుల్లో కొన్ని గుండెను చెడగొట్టగలవు, ఇక ఆ గది వైపు పోవద్దు అంది.

ఆయన పని మానేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను ఇంకా కాగితం చుడుతూనే ఉన్నాను. సాయంత్రం నేను వచ్చేసరికి నీళ్ళు కాచి ఉంచుతాడు. కానీ ఆస్పత్రి మాట వస్తే మాత్రం ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

"అంతమంది ముందర ఒళ్ళంతా పొడితో, ఆ కోలంతోనే కూటికొని పోతివి గదే."

"అవును," అంటాను. "ఆ పొద్దు నేను నీళ్ళు పోసుంటే, మరుసటి పొద్దు నలుగురూ చేరి నీ పీనుగకు పోసుంటారు."

అప్పుడు నా చేతికి చెంబు అందిస్తాడు.