బోళ్ళ మిషిన్ చప్పుడు

అశోక్‌నగర్‌లో సులోచన ఇంటికి వచ్చినవాళ్ళు వంటింటి కిటికీ కింద ఉన్న పెట్టెను చూసి, "ఇదేం ఫ్రిజ్జు, ఇంత పొట్టిగ ఉంది?" అని అడగడం మామూలే. అది ఫ్రిజ్జు కాదు, గిన్నెలు కడిగే మిషను. బిస్కెట్టు రంగు తలుపు, తిప్పడానికి గుండ్రటి మీట, దాని చుట్టూ చెరిగిపోయిన అంకెలు. పైన మామిడికాయ తొక్కు జాడీలు, లోపల ఉల్లిగడ్డలు. నారాయణగూడ ఇంట్లో నడిచిన కాలంలో వాడకట్టంతా దాన్ని చూడ్డానికి వచ్చింది. ఆగిపోయాక ఉల్లిగడ్డల బుట్ట అయింది. "రిటైరైతే ఎవలకైనా గంతే మర్యాద," అంటాడు సులోచన భర్త బాలకిషన్. ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి గనక ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

ఒకనాడు పొద్దున్నే సులోచన ఆ జాడీలన్నీ దించి కింద పెట్టింది. ఉల్లిగడ్డలను పేపరు మీద కుమ్మరించింది. "చిక్కడపల్లిల చెన్నయ్యను పిలువు. ఇది నడవాలె," అంది.

"ఇప్పుడు దీని మీద మనసెందుకు పోయిందే? ఇద్దరం తినే నాలుగు బోళ్ళకు మిషిన్ ఎందుకు? దాన్ని తోముడే నీకు పెద్ద పని."

"అక్క వరంగల్ పోతుందట, ఇగ బిడ్డ దగ్గరనే ఉంటదట. ఆ బిడ్డనే, జ్యోత్స్న, ఫోన్ చేసి చెప్పింది. పోయేముందు ఐతారం నాడు అన్నానికి రమ్మన్న."

బాలకిషన్ చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

అక్క అంటే అరుంధతి. బాలకిషన్ అన్న భార్య, సులోచనకు తోడికోడలు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అనుకుంటుంది. లోకానికి వేరే పని లేదు. నారాయణగూడ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక ప్రాణంగా ఉండేవారు. ఉండక తప్పేది కూడా కాదు. కొత్త కోడలుగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు సులోచన మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే పొగరు. అత్తగారు అనసూయమ్మ మధ్యాహ్నం అన్నం తిని, వంటింటి గోడకు ఆనుకుని ఉన్న మంచం మీద కళ్ళు మూసుకునేది. చెవులు మాత్రం కాపలా కాసేవి.

అరుంధతి భర్త అప్పట్లో కువైట్‌లో పని చేసేవాడు. అక్కడ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన ఈ మిషనును ఓడలో వేయించి పంపాడు. మొదటి రోజు తోడికోడళ్ళిద్దరూ అందులో బట్టల సర్ఫు పోశారు. నురగ తలుపు సందుల్లోంచి పొంగి, వంటిల్లు దాటి, అనసూయమ్మ మంచం కోళ్ళ దాకా వచ్చింది. ఆమె కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని అక్కడికక్కడే ఒక షరతు పెట్టింది. ఎంగిలి కంచాలూ వండిన గిన్నెలూ కలిపి కడిగారో, ఆ రోజు తను అన్నం ముట్టదు. ముందు కంచాలు, ఆ తరువాతే గిన్నెలు. దాంతో మిషను రోజూ రెండుసార్లు తిరిగేది. ఆమె వేసిన శిక్ష కోడళ్ళకు వరమైంది.

ఎందుకంటే ఆ మిషనుకు చప్పుడెక్కువ. లోపల ఎవరో కూర్చుని తలుపు కొడుతున్నట్టు టక్కు, టక్కు, టక్కు మనేది. ఆ చప్పుడులో మాట గోడ అవతలికి పోయేది కాదు. పీటల మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, సులోచన ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చింది, నవ్వాల్సిందంతా అక్కడే నవ్వింది. మొదటి కడుపు నిలవలేదన్న సంగతి మొగుడికన్నా ముందు అక్కకు అక్కడే చెప్పింది. కంచాలు సర్దడం, తీయడం అరుంధతి పని. "నీకు తెల్వదు, గిలాసలు పలుగుతయి," అని సులోచనను ముట్టనిచ్చేది కాదు.

తరువాత ఆ ఇల్లు అమ్మారు, పంపకాలయ్యాయి. న్యాయంగా మిషను అరుంధతికి పోవాలి. అనసూయమ్మ మాత్రం "అది చిన్నదానికి" అని తేల్చేసింది. అరుంధతి మొహం అటు తిప్పుకుని "తీస్కపో" అంది. ఆ తిప్పుకున్న మొహం సులోచన మనసులో ముల్లులా ఉండిపోయింది. లారీ కుదుపుకో ఏమో, అశోక్‌నగర్ వచ్చాక మిషను నడవనే లేదు. ఆగిపోయిన మిషను ఇంట్లో పెట్టుకుని అక్కను పిలవడానికి ఆమెకు మొహం చెల్లలేదు. అరుంధతి ఉండేది దోమలగూడలోనే, నడిచిపోయేంత దూరంలో. పెళ్ళిళ్ళలో కలిస్తే "బాగున్నవా" అంటే "బాగున్న", అంతే. కొట్లాడి విడిపోయినా బాగుండేది, కలవడానికి ఒక దారి దొరికేది. ఇన్నేళ్ళయినా మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే, పక్కన పీట మీద అక్క ఉంటే బాగుండునని సులోచన ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

చెన్నయ్య మిక్సీలు, బట్టల మిషన్లు బాగుచేస్తాడు. వచ్చి తలుపు తెరిచి ముక్కు మూసుకున్నాడు. "ఇది మిషినా అమ్మా, కూరగాయల దుకాణమా?"

వెనక పైపును ఎలుకలు కొరికేశాయి. తలుపు రబ్బరు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మోటరు బిగుసుకుపోయింది. నీళ్ళు వేడి చేసే రాడ్డు మీద సున్నం పెంకు కట్టింది. రాడ్డును నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి, మోటరుకు నూనె పట్టించి చేత్తో తిప్పి తిప్పి కదిలించాడు. మురికి నీళ్ళు బయటికి తోడే పంపు మాత్రం పనికిరాకుండా పోయింది. కోఠి అంతా గాలించి, బట్టల మిషనుది ఒకటి తెచ్చి అమర్చాడు. సులోచన చాయ్ మీద చాయ్ ఇస్తూ, లోపలి జాలీ అరలను తళతళలాడేలా తోమి ఎండలో పెట్టింది.

శుక్రవారం మీట తిప్పాడు. లోపల నీళ్ళు జుయ్యిమని తిరిగాయి.

"మక్ఖన్ లెక్క మెత్తగ నడుస్తుంది చూడమ్మా," అన్నాడు చెన్నయ్య.

సులోచన తలుపుకు చెవి ఆనించింది. "చప్పుడేది?"

"చప్పుడెందుకమ్మా?"

"టక్కు టక్కు అంటుండె. గా చప్పుడు లేకుంటే ఇది మా మిషినే కాదు."

చప్పుడు తీసెయ్యమనే వాళ్ళను చెన్నయ్య ఎందరినో చూశాడు. పెట్టమనే మనిషిని చూడ్డం ఇదే మొదలు. అయినా పాపం మళ్ళీ విప్పాడు. అడుగున గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే రెక్కను తీసి వెలుతురులో పట్టుకున్నాడు. "ఇగో, ఈ అంచు చూడమ్మా. ఏదో తాకి తాకి అరిగింది. కానీ ఇప్పుడు తాకెతందుకు లోపల ఏం లేదు. నేనైతే ఏం తియ్యలే, ఒట్టు."

అతను వెళ్ళిపోయాక సులోచన పీట మీద కూలబడింది. "నడుస్తుంది కద, ఇంకేం పరేషాన్?" అన్నాడు బాలకిషన్. ఏం చెబుతుంది? మిషను నీకు రాలేదని నా మీద కోపమా అక్కా, అన్న ఒక్క ప్రశ్న ఇన్నేళ్ళుగా గొంతులో ఉంది. ఆ చప్పుడు లేకుండా దాన్ని అడగడం ఆమెకు చేతకాదు.

ఆదివారం అరుంధతి ఆటోలో వచ్చింది. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు పట్టేశాయి. పచ్చిపులుసు బాగుందంది. వరంగల్‌లో ఎండలెక్కువట అంది సులోచన. అవునట అంది అరుంధతి. చుట్టాలతో మాట్లాడినట్టే మాట్లాడుకున్నారు. తిన్నాక బాలకిషన్ ముందుగదిలో నడుం వాల్చాడు. సులోచన ఎంగిలి కంచాలు మాత్రమే మిషనులో సర్దింది. అత్తగారు పోయి ఎన్నేళ్ళయినా ఆ షరతు పోలేదు. మీట తిప్పి రెండు పీటలు వాల్చింది.

నీళ్ళు జుయ్యిమన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు. బయట కోచింగ్ పిల్లలు ఏవో తారీఖులు వల్లె వేసుకుంటూ పోతున్నారు, ఆ మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. చివరికి సులోచన కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, "అన్నీ చేపిచ్చిన అక్కా. చప్పుడొక్కటే వస్తలేదు," అంది.

అరుంధతి గోడ పట్టుకుని లేచి, మిషను తలుపు తెరిచింది. గట్టు మీది పప్పు గరిటెను తీసుకుని, కాడ కింది అర జాలీలోంచి వేలాడేలా కంచాల మధ్య దూర్చి, తలుపు మూసింది.

టక్కు, టక్కు, టక్కు.

"మిషిన్‌కు చప్పుడేడిదే పిచ్చిదానా! నేనే పెడుతుంటి గరిటె. కొత్తల నువ్వు ఒక్కతీరుగ ఏడుస్తుంటివి. అత్తమ్మకు ఇనపడొద్దని."

ఎంగిలి కంచాల మధ్య వంట గరిటె! అనసూయమ్మ మంచానికి జానెడు దూరంలో, రోజూ. సులోచనకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడుపూ వచ్చింది. ఆ ఊపులోనే అడిగేసింది. "మిషిన్ నాకిచ్చిన్రని కోపమా అక్కా?"

"కోపమెందుకు? నీకియ్యమని అత్తమ్మకు చెప్పిందే నేను."

"మరి మొహం తిప్పుకుంటివి?"

"ఏడుపొస్తే తిప్పుకోనా? లారీ వాని ముందు ఏడ్వాల్నా? మిషిన్ నీకాడుంటే మధ్యాన్నం పూట పిలుస్తవనుకున్న. దా అక్కా, మిషిన్ ఏసిన అని." అరుంధతి మళ్ళీ పీట మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "చానా దినాలు చూసిన సులూ. నువ్వు పిలువనే లేదు."

సులోచన అక్క మోకాలి మీద తల పెట్టుకుంది. దోమలగూడ నుంచి నడిచి రావడానికి పావుగంట చాలు. ఆ పావుగంటను ఇద్దరూ ఇన్నేళ్ళు నడవలేదు, ఇక వరంగల్ నుంచి ఎవరు నడుస్తారు? ఆ దుఃఖం తీరేది కాదు. తీరదని ఇద్దరికీ తెలుసు గనకే మాటల్లో పడ్డారు. కంచాలయ్యాయి. గిన్నెలు వేశారు. అవీ అయ్యాయి. మిషను ఆగింది, ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, చెప్పుకోవాల్సింది సగం కూడా కాలేదు.

ముందుగదిలోంచి బాలకిషన్ కేకేశాడు. "తిన్నది ముగ్గురం, ఇంకా ఎన్ని బోళ్ళున్నయే?"

"చానా ఉన్నయి. నువ్వు పండుకో," అని సులోచన కడిగిన కంచాలనే మళ్ళీ లోపల పెట్టింది. గరిటె మాత్రం అరుంధతే పెట్టింది.