కొండ మీది ముద్ర

పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొట్టే ఆ గుమాస్తా ముప్పై ఏళ్లలో ఒక్క తేదీ తప్పు వేసి ఎరగడు. మోకాళ్లు అరిగిపోయిన అక్క బదులు, సెలవు పెట్టి, ఆరు రోజులు పట్టే పాత యాత్రాదారి నడిచాడు. మజిలీ మజిలీకీ, నడిచొచ్చినవాళ్లకే వేసే ముద్రను ఆమె యాత్ర కార్డు మీద వేయించుకుని, సిరా ఆరేదాకా ఊదేవాడు. నాలుగో రోజు బొబ్బలు చితికితే దారిలోని కొండ మాత్రం బస్సులో ఎక్కాడు. పైన సత్రంలో ముద్ర బల్ల మీదే ఉంది. అడిగే నాథుడు లేడు. అలవాటుపడ్డ చెయ్యి ఠపీమని కొట్టేసింది.

ఇంటికొచ్చాక అక్క ఆ ముద్రనే వేలితో తడిమింది. "కొండ కూడా ఎక్కేశావురా!" అంటూ గోడ పట్టుకుని, మూలుగుతూ కింద కూర్చుని, అతని పాదాలకు నూనె రాయబోయింది. అతను కాళ్లు ముడుచుకున్నాడు. "వద్దక్కా."

"సిగ్గెందుకురా? నా కోసం అరిగిన కాళ్లు" అని ఆమె వాటిని ఒళ్లోకి లాక్కుంది.