చేమంతి మీద ఒట్టు

మొన్న మంగళవారం రాజోలు నుంచి మనిషి వచ్చి, మా మావయ్య పోయారని చెప్పాడు. గుండె ఆగిందట. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇది నాకు రావలసింది కదా, దారి తప్పి ఆయన మీదికి వెళ్లిందా అని.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మద్రాసులో దొరల క్లబ్బులో బంతులు అందించే పనికి చేరి, ఆ దొరలనే ఓడించి స్క్వాష్ చాంపియన్ అయ్యారు. నాలుగు గోడల గదిలో ఇద్దరు నిలబడి, రబ్బరు బంతిని గోడకేసి బాదే ఆట అది. మా వాళ్లకి అదంతా ఏం తెలుసు?

"స్క్వాష్ అంటే నారింజ షర్బతు కదండీ, అందులో చాంపియనేంటండీ?" అని అడిగేవారు.

"ఆయ్, గుక్క తిప్పుకోకుండా తాగేస్తానండి" అనేవారు మావయ్య.

ఎవరింటికి వెళ్లినా ముందు గోడలు చూసేవారు, తర్వాతే మనుషుల్ని. "భయపడేవాడికే బంతి ముందు కనపడుతుందే అమ్మడూ" అని నాతో అంటూండేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ బంతే తగిలి ఆయన ఎడమ కన్ను పోయింది. రెండోదానికి తగిలితే ఇక చీకటేనన్నాడు డాక్టరు. మావయ్య ఇంటికి రాగానే అమ్మమ్మ నన్ను లాక్కొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"ఒరేయ్, ఇంక ఆడనని దీని మీద ఒట్టెయ్యి."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఒట్టు తప్పితే, ఎవరి మీద వేశారో వాళ్లు పోతారు. మా ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు.

ఆర్నెల్లకి, సామాను తెచ్చుకుంటానని మద్రాసు వెళ్లారు. ఒంటికన్నుతో ఆడి మళ్లీ కప్పు గెలిచారని పత్రికలో పడింది. ఊరంతా సంబరం. అమ్మమ్మ మాత్రం నా మొహం చూసి గుండెలు బాదుకుంది. నేను రేవుకి వెళ్తే మునిగిపోతానని వెళ్లలేదు. కొబ్బరిచెట్టు కిందకెళ్తే నెత్తిన కాయ పడుతుందని పెరట్లోకీ వెళ్లలేదు. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని చోటెక్కడుంది? ఇంట్లోనే మూల కూర్చున్నాను. మూడో రోజుకి జ్వరం వచ్చింది.

మావయ్య వచ్చి, కప్పు గుమ్మంలోనే పడేసి నా మంచం దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"మావయ్యా, నేను చచ్చిపోతానా?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిచ్చిపిల్లా, నీ తల మీద ఎక్కడ పెట్టేనే? నీ తల్లో చేమంతి మీద కదే పెట్టేను! అది ఆ సాయంత్రమే వాడిపోలేదూ? ఒట్టు దాంతోనే పోయింది."

నిజమే, ఆ రోజు పువ్వు వాడిపోయింది. నాకు చెమట పట్టి జ్వరం దిగింది.

మావయ్య మళ్లీ బ్యాటు పట్టలేదు. క్లబ్బువాళ్లు ఎన్ని ఉత్తరాలు రాసినా కదల్లేదు. కన్ను పోతుందని భయమా అని ఎవరైనా అడిగితే, "ఆయ్, భయమేనండి" అనేవారు. నేనూ కన్ను గురించే అనుకున్నాను.

పోయిన వేసవిలో నా పెళ్లికి వచ్చారు. పెద్దలందరూ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తున్నారు. మావయ్య కాళ్లకి దండం పెట్టి, వంగే ఉన్నాను. ఎంతసేపటికీ చెయ్యి తగలలేదు. తలెత్తి చూశాను. ఆయన అరచెయ్యి నా జుట్టుకి బెత్తెడు ఎత్తులో ఆగిపోయి ఉంది.