బల్లకు దూరం

మా చర్చి సంఘంలో ఎవరు ఎంత ఆత్మీయులో, అంటే ఎంత భక్తిపరులో తెలుసుకోవడం చాలా తేలిక. తెల్లబట్టలుండాలి, ఒంటి మీద బంగారం ఉండకూడదు, ప్రార్థన ముగిసేసరికి గొంతు బొంగురుపోవాలి. అంతే. ఆ పైన వారమంతా ఏం చేసినా చెల్లిపోతుంది. మా అమ్మకు గట్టిగా ప్రార్థన చేయడం రాదు. నాలుగు మాటలు తనలో తాను గొణుక్కుని ఆమెన్ అంటుంది. అందుకే తిరువూరులో ఇన్నేళ్లుగా ఒకే చర్చికి వెళ్తున్నా ఆమెను ఆత్మీయురాలని ఎవరూ అన్న పాపాన పోలేదు.

అమ్మ మా వీధి చివర ఒక మోతుబరి రైతు ఇంట్లో పెద్దావిడను చూసుకునేది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం, అన్నీ ఆమే. పెద్దావిడకు కాళ్లు పడిపోయాయి. దగ్గర్లోని నెమలి ఊరికి వెళ్లి ఒక్కసారి వేణుగోపాలస్వామిని చూడాలని ఆవిడ కోరిక. పత్తి తీతలు అయ్యాక చూద్దామని కొడుకులు వాయిదా వేస్తూ వచ్చారు. అడిగి అడిగి ఆవిడ అన్నం మానేసింది. చివరికి అమ్మే ఆటో మాట్లాడి తీసుకెళ్లింది. ఆటో ఆగిన చోటు నుంచి చేతుల మీద గుడిలోకి మోసుకెళ్లి, దర్శనం అయ్యాక మళ్లీ అలాగే మోసుకొచ్చింది.

ఇదంతా మా సంఘ పెద్ద ఒకాయన చూశాడు. ఆయనది షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. గుడి ఉత్సవానికి షామియానా వేయించడానికే ఆయన ఆ రోజు అక్కడున్నాడు. ఆయనది వ్యాపారమట, దానికీ విశ్వాసానికీ సంబంధం లేదట. అమ్మది మాత్రం విగ్రహాల దగ్గరికి పోవడమట. సంఘంలో ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికాను, దొరకలేదు.

అమ్మను బల్లకు దూరంగా ఉంచారు. మా చర్చిలో నెలకు ఒక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, దాన్నే ప్రభువు బల్ల అంటాం. తప్పు చేసినవాళ్లు సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా ఆ పళ్లెం వాళ్లను దాటిపోతుంది. అమ్మకు నగల మీద, చీరల మీద ఎప్పుడూ ఆశ లేదు గానీ ఆ చిన్న రొట్టె ముక్క అంటే ప్రాణం. బల్ల ఉన్న రోజు పొద్దున కాఫీ కూడా ముట్టకుండా వెళ్లేది.

ఆ నెల బల్ల ఆదివారం పాస్టర్ గారు ఆమెను లేపి తప్పు ఒప్పుకోమన్నారు. అమ్మ తల మీద కొంగు సర్దుకుంది.

"ఆవిడ తీసుకెళ్లమంది, తీసుకెళ్లానయ్యగారూ. అందులో తప్పేదో చెప్పండి, ఒప్పుకుంటాను."

ఆయన జవాబు తోచనప్పుడల్లా చేసేదే చేశారు, ప్రార్థన చేద్దామని అందరినీ కళ్లు మూసుకోమన్నారు. ఆ తర్వాత పళ్లెం అమ్మ ముందు నుంచే పక్కవాళ్లకు వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ దిక్కుమాలిన చోటుకి ఇక రావద్దని ఆమెతో పోట్లాడాను. ఆమె వినలేదు. పళ్లెం తన దగ్గర ఆగదని తెలిసీ నెలనెలా వెళ్లి కూర్చునేది.

సంగతి పెద్దావిడ చెవిన పడింది. తన వల్లే కదా ఇదంతా అని బాధపడి, మీ అయ్యగారికి నేనే నచ్చజెప్తాను, నన్ను మీ చర్చికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. బల్ల ఉన్న ఆదివారం అమ్మ మళ్లీ ఆటో మాట్లాడింది. ఆవిడను ఎత్తుకుని చర్చి మెట్లెక్కింది.

అప్పుడు చూడాలి మా ఆత్మీయుల సంబరం. అంత పెద్ద రైతు ఇంటి ఆవిడ మా గుమ్మం తొక్కిందని సంఘం సంఘమంతా ఊగిపోయింది. షామియానాల ఆయన పరుగున పోయి మెత్తటి కుర్చీ తెచ్చి వేశాడు. పెద్దావిడ ఏదో చెప్పబోతే, ముందు స్తుతి చెల్లిద్దామని కీబోర్డు మోగించారు. ఆవిడ ఎందుకొచ్చిందని ఒక్కరూ అడగలేదు. పాస్టర్ గారు మైకందుకుని, మన సోదరి ఒక ఆత్మను ప్రభువు దగ్గరికి మోసుకొచ్చింది, ఆత్మీయ జీవితమంటే ఇదీ అని గొంతు చించుకున్నారు. తప్పు ఒప్పుకోవాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. రొట్టె పళ్లెం ఆయనే స్వయంగా తెచ్చి, అందరికంటే ముందు అమ్మకు పట్టారు.

అమ్మ ఆ ముక్కల వంక చూసింది. చెయ్యి చాపింది కూడా. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నెమలికి కూడా ఇట్టాగే మోసుకెళ్లానయ్యగారూ," అంది మెల్లగా. "అది తప్పయితే ఇదీ తప్పే. అది తప్పు కాదని ఒక్క మాట చెప్పండి, తీసుకుంటాను."

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆయన అందరినీ కళ్లు మూసుకోమన్నారు. అమ్మ లేచి, పెద్దావిడను ఎత్తుకుని బయటికి నడిచింది.