నూట అరవై ఆంపియర్ల కాపలా

లోకంలో ఎవరైనా ఎదురైతే బాగున్నారా అని అడుగుతారు. కొర్నేలి గారు మాత్రం "అన్నీ ఆపీసేవా?" అని అడుగుతారు. చర్చి మెట్ల మీద కొత్త పాస్టరు గారు చెయ్యి చాపితే ఆయన్నీ అదే అడిగారట. పాస్టరు గారు తన పాపాల సంగతనుకుని కాసేపు నీళ్ళు నమిలారని కోహ్కాలో చెప్పుకుంటారు.

ఉక్కు కర్మాగారంలో కరెంటు పని చేసి రిటైరయ్యాక, ఆయన కంపెనీ టౌన్‌షిప్‌లోని సెక్టర్ 6 క్వార్టరు ఖాళీ చేసి, పక్కనే ఉన్న కోహ్కాలో ఒక అపార్టుమెంటు పై అంతస్తులో చేరారు. భార్య వెరోనికా పోయాక ఆయనకు మిగిలిన దగ్గరి బంధువు గేటు పక్కన ఇనుపజాలీలో ఉండే ట్రాన్స్‌ఫార్మరే. బయటి లైను నుంచి వచ్చే వేల వోల్టులను ఇళ్ళకు తగినంతగా తగ్గించి, ఒక్కో అంతస్తు ప్యానెల్‌కూ పంపేది అదే. దానికీ ప్యానెళ్ళకూ మధ్య ఒక బ్రేకర్. కరెంటు మితిమీరిందంటే అది తనంతట తాను పడిపోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడుతుంది.

చిక్కంతా ఆ బ్రేకర్‌తోనే. ఎండాకాలంలో కరెంటు పోయి తిరిగొచ్చిన క్షణాన, ఇళ్ళన్నీ దాహంగా ఉన్న మనుషుల్లా ఒక్కసారే పెద్ద గుక్క లాగేవి. బ్రేకర్ ఠప్పున పడిపోయేది. ఊరంతా వెలిగాక వీళ్ళొక్కళ్ళూ చీకట్లో ఉండేవాళ్ళు. అప్పుడు ఇళ్ళల్లో అన్నీ ఆపించి బ్రేకర్ మళ్ళీ ఎత్తడానికి కొర్నేలి గారు టార్చి పుచ్చుకుని బయల్దేరేవారు.

బొబ్బిలి నుంచి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగానికి వచ్చిన ఇంద్రాణి తలుపు ఆ ఊళ్ళో మొదట తట్టింది ఆయనే. నిజానికి ఆ తరవాత కూడా తట్టింది ఆయనొక్కరే.

"అన్నీ ఆపీసేవా?"

"ఆపేశానండీ."

"ఏటేటి ఆపీసేవు?"

"ఒక ఫ్యాను, ఒక లైటు."

"పొయ్యి మీద ఏటుంది?"

"నాది కరెంటు పొయ్యి కాదండీ, గ్యాసు."

"గ్యాసైతే ఆకలెయ్యదేటి? ఏటుందీ అంటన్నాను."

"ఏమీ లేదండీ."

"లోడు మరీ తక్కువైనా మంచిది కాదమ్మా," అంటూ వెళ్ళిపోయిన మనిషి కాసేపట్లో గిన్నెడు పప్పుచారుతో తిరిగొచ్చారు. బ్రేకర్‌కూ పప్పుచారుకూ సంబంధమేమిటో ఇంద్రాణికి అంతుపట్టలేదు. చారు మాత్రం బాగుంది.

చివరికి అపార్టుమెంటు వాళ్ళంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటింగు పెట్టారు. రెండొందల యాభై ఆంపియర్ల బ్రేకర్ పెట్టేస్తే పీడా పోతుందన్నారు.

కొర్నేలి గారు జాలీకి అడ్డంగా నిలబడ్డారు. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది నూట నలభై. అందుకే కాపలాకి నూట అరవయ్యోడిని పెట్టేం. దొంగ పెరట్లోకి వొచ్చినప్పుడే కాపలావోడు లెగాల. మీరు పెడతానంటన్నోడు, దొంగ భోంచేసి చెయ్యి కడుక్కున్నాక లెగుస్తాడు!"

"అంకుల్ సహీ బోల్ రహే హై," అన్నాడు సంజయ్. రెండో అంతస్తులోకి సంసారంతో కొత్తగా వచ్చిన ఇంజనీరు. "నూట అరవయ్యే కరెక్టు." అని బ్రేకర్ పెట్టె తెరిచి లోపలికి వంగాడు. "అరె! ఇక్కడ చిన్న డయల్ ఉంది. మొదటి గుక్కని ఎంత ఓర్చుకోవాలో ఇదే చెప్తుంది. దీన్ని బాగా కిందకి తిప్పేసి పెట్టారెవరో."

స్క్రూడ్రైవర్‌తో ఒక్క తిప్పు తిప్పాడు. అంతే, పని అయిపోయింది.

"ఇన్నేళ్ళు ఇదే పని చేశారు కదా అంకుల్. మీకు కనబడలేదా?"

"కళ్ళజోడు మర్చిపోనాను," అన్నారు కొర్నేలి గారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

మెట్లెక్కుతూ ఇంద్రాణి సంజయ్‌తో అంది, "ఇక ఆయన తలుపు తట్టి అన్నీ ఆపమనడం ఉండదు."

"తలుపు తట్టడమా? మా ఇంటికెప్పుడూ రాలేదు దీదీ. మాకు రెండు ఏసీలున్నాయి! అయినా కింద ప్యానెల్ స్విచ్చులు దించి, బ్రేకర్ ఎత్తితే చాలు కదా. ఇళ్ళకెళ్ళడం ఎందుకు?"

ఇంద్రాణి మెట్టు మీదే ఆగిపోయింది. ఏసీలున్న ఇంటిని వదిలేసి, ఒక ఫ్యాను ఆపడానికి తన దగ్గరకు వచ్చేవారా? కింద ఒక టీవీతో కాలక్షేపం చేసే, ఆయన అక్కలా చూసుకుని 'అప్పా' అని పిలిచే భాగ్యవతి గారి దగ్గరకూ వెళ్ళేవారు. పక్క వాటా సత్యప్రసాద్ మాస్టారి దగ్గరకూ వెళ్ళేవారు. ఆయన తట్టినవన్నీ ఒంటరి తలుపులే. ఊరికే తట్టడానికి మొహమాటం. అందుకే డయల్ సంగతి తెలిసీ నెపాన్ని బ్రేకర్ మీద పెట్టారు.

మరుసటి ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది, వచ్చింది. బ్రేకర్ పడలేదు. కింద పిల్లలు ఈలలు వేశారు. ఇంద్రాణి ఇల్లు మాత్రం వెలగలేదు. అలవాటు కొద్దీ అన్నీ ఆపేసి కూర్చుంది మరి. తలుపు వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. మెట్ల మీద ఏ చెప్పులూ చప్పుడు చేయలేదు. తాను ఎదురుచూస్తున్నది వెలుతురు కోసం కాదని అప్పుడు తెలిసింది.

లేచి పై అంతస్తుకు వెళ్ళింది. అక్కడ భాగ్యవతి గారు అప్పటికే ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని ఆయాసపడుతున్నారు.

"నువ్వూ వొచ్చీసేవేటే? తట్టు, తట్టు. నా చెయ్యి ఖాళీ నేదు."

తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. కొర్నేలి గారి కాళ్ళకు చెప్పులున్నాయి, చేతిలో టార్చి ఉంది. ఎక్కడికీ వెళ్ళే పని లేదు.

"బాబాయ్," అంది ఇంద్రాణి, "అన్నీ ఆపీసేరా?"

ఆయన తెల్లబోయారు. "ఆపీసేనమ్మా."

"పొయ్యి మీద ఏటుందిరా?" భాగ్యవతి గారు గద్దించారు.

"ఏటీ నేదప్పా."

"లోడు మరీ తక్కువైనా మంచిది కాదంట," అంటూ ఇంద్రాణి డబ్బా అందుకుని లోపలికి నడిచి, లైటు వేసింది.

కొర్నేలి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని, వీలైనంత కఠినంగా అడిగారు.

"అది సరే గానీ, వొచ్చేముందు మీరు అన్నీ ఆపీసేరా?"

"ఆపనేదు," అన్నారు భాగ్యవతి గారు. "టీవీ ఆడతంది. తిన్నాక కిందకొచ్చి ఆపీసి పో."