యాదలక్ష్మి ఇల్లు చూసిన తీరు

కర్మన్‌ఘాట్ గుడి వెనక గల్లీలో జాకెట్లు కుట్టే యాదలక్ష్మి అంటే చుట్టుపక్కల ఆడవాళ్లకు గౌరవం, చుట్టాలకు భయం. గౌరవం ఎందుకంటే ఆమె కుట్టిన జాకెట్ భుజం మీంచి జారదు. భయం ఎందుకంటే, సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆడపిల్లవాళ్లు ఇల్లు చూడటానికి ఆమెను వెంటబెట్టుకుని పోతారు. ఆమె ఊఁ అంటే పెళ్లి. ఊఁహూఁ అందంటే పెళ్లికొడుకు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా కథ కంచికే.

ఆమె పుట్టి పెరిగిన నల్గొండ పల్లెల్లో పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అందరూ పోతారు, చాయ తాగుతారు, గోడలకు వేసిన రంగు మెచ్చుకుని వస్తారు. యాదలక్ష్మి అట్లా కాదు. చెప్పి ఒకసారి పోతుంది, చెప్పకుండా ఇంకోసారి పోతుంది. ఆ రెండోసారి మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ అన్నాలకు కూర్చునే వేళ గుమ్మంలో నిలబడి, "గిట్లనే పోతున్న, జర మంచినీళ్లియ్యరాదు?" అంటుంది. నీళ్లు ఎవరు తెచ్చారు, ఏ మొహంతో ఇచ్చారు, చెంబు కడిగారా లేదా, అన్నీ చూస్తుంది. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి దూరుతుంది. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల మంచం మీద కూర్చుని, మాటల్లో పెట్టి, పక్కబట్ట తడిగా ఉందేమో తడిమి చూస్తుంది. "ముందటి వాకిలి అందరు ఊడుస్తరు బిడ్డా, ఎనుక వాకిలి చూడాలె" అన్నది ఆమె వేదవాక్కు. ఆమె చూసి ఇప్పించిన ఇంటినుంచి కళ్లు తుడుచుకుంటూ పుట్టింటికి వచ్చిన పిల్ల ఇంతవరకు లేదు.

అంతటి గట్టి మనిషి, తీరా సొంత అన్న దగ్గరికి వచ్చేసరికి బొక్కబోర్లా పడింది. ఎవరికైనా తనదాకా వస్తే గానీ తెలియదు కదా!

అన్న పేరు జానయ్య. విజయవాడ రోడ్డు మీద లారీ నడిపీ నడిపీ నడుం అరగదీసుకున్న మనిషి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు, చెల్లెలే దిక్కు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ వెన్నులోకి పాకాక, పెద్ద దవాఖాన డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి అన్నారు. మంచిగా చూసుకోవడం అంటే ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నొప్పి లేచినప్పుడల్లా జానయ్య చెల్లెలికి వినబడకూడదని తువ్వాల నోట్లో కుక్కుకుని పళ్లతో బిగించేవాడు. అయినా వినబడేది. యాదలక్ష్మి కుట్టుమిషన్ గట్టిగా తొక్కుతూ ఆ చప్పుడులో ఏడ్చేది. అన్నను బతికించమని ఆమె ఏ దేవుణ్నీ అడగలేదు, ఆ ఆశ డాక్టర్లే తీసేశారు. నొప్పి లేకుండా పోనియ్యి స్వామీ అని మాత్రం రోజూ గుడి ముందు నిలబడి హనుమంతుణ్ని అడిగేది.

ఇంతలో పై అంతస్తులో ఉండే ఇల్లుగలామె సుమిత్రమ్మ దిగివచ్చింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, చెడ్డది కాదు. "ఏమీ అనుకోవద్దు యాదలక్ష్మీ. మీ అన్నయ్యగారంటే నాకూ జాలే. కానీ ఇంట్లో ఏదన్నా జరిగితే, ఆ నక్షత్రం మంచిది కాకపోతే, ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలంటారు. పైన మేమూ ఉంటున్నాం కదమ్మా" అంది, నేల చూపులు చూస్తూ.

ఈ పట్నంలో కిరాయి ఇంట్లో బతకనిస్తారు గానీ చావనివ్వరు. యాదలక్ష్మికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్ల దుకాణంలో పనిచేసే కొడుకు మహేందర్ దారి కనుక్కుని వచ్చాడు. హాస్పిస్ అని ఉంటుందట. రోగం తగ్గించే దవాఖాన కాదది. ఇక తగ్గదని తేలినవాళ్లను నొప్పి లేకుండా, శుభ్రంగా, చివరిదాకా కనిపెట్టుకుని ఉండే చోటు. "దగ్గర్ల రెండున్నయమ్మా. ఎల్బీ నగర్ల ఒకటి, బడంగ్‌పేట్ల ఒకటి. ఎల్బీ నగర్ దానికి ఫోన్ల స్టార్లు మస్తున్నయ్."

"స్టార్లు నువ్వు చూడు. ఇల్లు నేను చూస్త" అంది తల్లి.

ఎల్బీ నగర్ మెట్రో దగ్గర సందులో ఉన్న ఆ భవనం తలుపులు అద్దాలవి, వాటంతట అవే తెరుచుకున్నాయి. లోపల ఏసీ చల్లదనం, మెత్తని సోఫాలు, మొహం కనబడేంత నున్నని గచ్చు. కోటు తొడుక్కున్న అమ్మాయి వచ్చి "రండి మేడం" అంది. యాదలక్ష్మిని మేడం అన్నవాళ్లు అంతకుముందు ఎవరైనా ఉన్నారో లేదో! చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉందక్కడ. గుళ్లో ఉన్నట్టుందని ఆమెకు చేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి.

"నొప్పి లేస్తే ఎవరొస్తరమ్మా?"

"ట్వంటీఫోర్ అవర్స్ డాక్టర్ ఆన్ కాల్ మేడం."

"ఎనుక దిక్కు జర చూడొచ్చా?"

"సారీ మేడం, అటు స్టాఫ్‌కి మాత్రమే."

ఇదే మాట ఏ పెళ్లికొడుకు తల్లో అనుంటే యాదలక్ష్మి అక్కడే చెప్పులు తొడుక్కునేది. ఇక్కడ మాత్రం, పెద్ద చోటు, వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి అనుకుంది. భయపడ్డ మనిషికి నున్నని గచ్చు కూడా ధైర్యం చెబుతుంది మరి.

అక్కణ్నుంచి బడంగ్‌పేట్ పోయారు. ఒక ట్రస్టువాళ్లు నడిపే పాత రెండంతస్తుల ఇల్లు. గేటు దగ్గరే లోపలి నవ్వులు వినబడ్డాయి. హాల్లో, తలకు గుడ్డ కట్టుకున్న ఎండుపుల్లలాంటి ముసలామె మంచం మీద కూర్చుని, పేకముక్కలు పట్టుకుని పత్తాలు ఆడుతోంది. ఎదురుగా తెల్లకోటు నర్సు, "అండాలవ్వా, మల్ల దొంగాటనే! పత్తా కొంగుల దాస్తవా?" అని అరుస్తుంటే ముసలామె బోసినోటితో పగలబడి నవ్వుతోంది. టీవీలో సీరియల్. వంటగదిలోంచి కోడికూర వాసన.

యాదలక్ష్మికి కడుపు రగిలిపోయింది. అక్కడ తన అన్న తువ్వాల కొరుక్కుంటూ పడి ఉంటే, ఇక్కడ పత్తాలాట! ఆ నర్సు గీత చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురొచ్చింది. "కూసోండ్రక్కా, నీళ్లు తాగుండ్రి, ఎండల వచ్చిండ్రు."

"మల్లొస్తం" అని యాదలక్ష్మి వెనక్కి తిరిగింది. ఆటోలో కొడుకు మీద పడింది. "గది దవాఖాననా, పెండ్లి విడిదారా? పానం మీదికొచ్చినోళ్ల ముందల ఇకఇకలు పకపకలేంది? సిగ్గు శరం ఉండొద్దా?"

నీళ్లు తాగనిదే ఏ ఇంటికీ తీర్పు చెప్పని మనిషి, ఆ ఇంటి నీళ్లు ముట్టకుండానే తీర్పు చెప్పేసింది.

జానయ్యను ఎల్బీ నగర్‌లో చేర్పించారు. చూడనిచ్చే వేళ సాయంత్రం. పోయినప్పుడల్లా దుప్పటి తెల్లగా ఉండేది, అన్న తల నున్నగా దువ్వి ఉండేది. "ఎట్లున్నదన్నా?" అంటే, "మంచిగనే ఉన్న చెల్లె, నువ్వు పరేషాన్ గాకు" అనేవాడు. కానీ కళ్లు గుంటల్లోకి పోతున్నాయి. యాదలక్ష్మిని పాత అలవాటు ఊరుకోనివ్వదు కదా. ఒకనాడు మిట్టమధ్యాహ్నం, పచ్చిపులుసూ అన్నమూ గిన్నెలో పెట్టుకుని, చెప్పకుండా బయల్దేరింది.

కాపలావాడు ఆపాడు. ఆమె సరేనని తలాడించి, భవనం చుట్టూ తిరిగి వెనక సందులోకి పోయింది. పనివాళ్లు వచ్చిపోయే తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కనే తడిసిన దుప్పట్ల కుప్ప మీద ఈగలు ముసురుతున్నాయి. లోపలికి పోతే, ఎక్కడో గంట మోగుతోంది, ఆగి మళ్లీ మోగుతోంది. ఆ గంట బొత్తాం మీద బొటనవేలు పెట్టి నొక్కుతున్నది తన అన్నే. నోట్లో తువ్వాల. పక్కబట్ట తడిమింది. తడి!

బయట బల్ల దగ్గర ఒకే ఒక్క అమ్మాయి ఉంది. "ఆయన డోసు సాయంత్రమమ్మా. డాక్టర్ చెప్పకుండా నేనియ్యరాదు."

"డాక్టర్ ఏడి?"

"ఆన్ కాల్... చేస్తనే ఉన్న, ఎత్తుతలేడు."

"నొప్పికి గడియారం తెలుస్తదా తల్లీ!"

ఆ పిల్లకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఈ అంతస్తు మొత్తానికి నేనొక్కదాన్నే ఉన్నక్కా" అంది. ఆమెను తిట్టడానికి యాదలక్ష్మికి నోరు రాలేదు. వరసగా ఉన్న మంచాల వైపు చూసింది. ఎవరూ మాట్లాడటం లేదు. పిలిచీ పిలిచీ వేసారి ఊరుకున్నారు. తను గుడి అనుకున్న నిశ్శబ్దం ఇదా! "పైన పటారం, లోన లొటారం! అందరి ఇండ్లు చూసిన ముండను, నా అన్ననే తెచ్చి గీడ పడేస్తినా" అని నెత్తి కొట్టుకుని, కొడుక్కి ఫోన్ చేసింది.

ఆ పూటే అంబులెన్స్ బడంగ్‌పేట్ చేరింది. గీత గుర్తుపట్టింది. తిన్నగా పోయి జానయ్య మంచం మీద కూర్చుంది. "బాపూ, నొప్పి ఎంతున్నది? పదిల ఎంతనుకోవచ్చు?"

జానయ్య తెల్లమొహం వేశాడు. పదిలో ఎంతట, ఏం చెప్పాలి?

"ఏం పని చేసేటోనివి బాపూ?"

"లారీ... నడిపేది."

"గట్లయితే లోడు ఎంతున్నదో చెప్పు."

జానయ్య నోట్లోంచి తువ్వాల తీశాడు. "పది టన్నుల బండికి... పదిహేను ఎక్కిచ్చిండ్రు బిడ్డా."

గీత నవ్వలేదు. లోపల ఉన్న డాక్టరమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. మందు ఇచ్చారు. "అరగంటల మల్లొచ్చి అడుగుత. దిగకుంటే ఇంక దించుదాం. బండి నీది, లెక్క నీది" అంది గీత. అన్నట్టే వచ్చింది. పదికి వచ్చిందన్నాడు. మళ్లీ మందు, మళ్లీ అడగడం. పొద్దుగూకే వేళకు గీత అడిగితే జానయ్య కళ్లు మూసుకునే, "ఖాళీ బండి" అన్నాడు. ఆ మాటతోనే నిద్రపోయాడు.

యాదలక్ష్మి అప్పుడు నీళ్లడిగింది. తోమిన స్టీలు చెంబు, చల్లటి నీళ్లు. తాగుతూ తాగుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. గీత వీపు నిమురుతూ నిలబడింది. తర్వాత యాదలక్ష్మి చేతులు కడుక్కుంటానని వెనక్కి పోయింది. తీగల మీద ఉతికిన దుప్పట్లు ఆరుతున్నాయి, గిన్నెలు బోర్లించి ఉన్నాయి, గచ్చు కడిగి ఉంది. మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా మళ్లీ వచ్చింది. గీత నడుం మీద చేతులేసుకుని, "చూసుకో అక్కా, చూసుకో! ఎప్పుడన్న రా, ఎటుకెల్లన్న రా. తినేటేళకొస్తే మాత్రం తినిపోవాలె, గదొక్కటే మా కానూను" అంది. యాదలక్ష్మి సిగ్గుతో నవ్వింది.

జానయ్య వారం తిరిగేసరికి లేచి కూర్చున్నాడు. రోగం తగ్గలేదు, తగ్గదు. ఆ సంగతి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, ఆయనా దాచకుండా విన్నాడు. "పోవుడు తప్పదు చెల్లె. గని ఖాళీ బండి తోలుకుంట పోత, ఇంకేం గావాలె?" అన్నాడు. కోడికూర ముక్క ఒకటి చప్పరించాడు. పత్తాలాటలో అండాలమ్మకు జోడీ దొరికాడు. ఒకరోజు సుమిత్రమ్మ దద్దోజనం పట్టుకుని వచ్చి, "అన్నయ్యగారూ, ఒక్కసారి మనింటికి వచ్చి వెళ్లండి" అంది మొహమాటంగా. "వద్దులే తల్లీ, మల్ల నక్షత్రం చూస్కోవాలె" అన్నాడాయన. సుమిత్రమ్మ మొదట బిక్కచచ్చి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, యాదలక్ష్మి అన్న పక్కన కూర్చుని జాకెట్‌కు హుక్కులు కుడుతోంది. గేటు దగ్గర ఒకావిడ, దవాఖాన ఫైలు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే అండాలమ్మ కొంగులోంచి పత్తా జారిపడింది. "దొరికినవ్ ముసలీ!" అని జానయ్య ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాడు. గేటు దగ్గర ఆవిడ మొహం మాడిపోయింది. గీత నీళ్ల చెంబుతో ఎదురుపోతే, "మల్లొస్తం" అని గిరుక్కున తిరిగింది.

యాదలక్ష్మి సూది ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి ఉరికి, ఆవిడ చేయి పట్టుకుంది.

"ఎవరికక్కా బాగలేదు?"

"మా ఆయనకు." ఆవిడ ఫైలు గుండెకు అదుముకుంది. "ఇంట్ల పండుకోలేక పొర్లుతున్నడు. ఈడ గా నవ్వులేందమ్మా? చూస్తుంటే నా కడుపు మండుతున్నది."

"నాది కూడ గిట్లనే మండింది. నీళ్లు గూడ ముట్టకుండ పోయిన" అంది యాదలక్ష్మి. "గా నవ్వేటాయన మా అన్న. మొన్న మొన్నటిదాక తువ్వాల కొరుకుతుండె."

ఆవిడ తల తిప్పి కిటికీ వైపు చూసింది. లోపల జానయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"లోపటికి రా అక్కా. ముందుగాల నీళ్లు తాగు. తాగినంక ఎనుక వాకిలి నేను చూపిస్త."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, వెనకే వచ్చి నిలబడిన గీత చేతిలోంచి చెంబు అందుకుంది.